తొమ్మిది మాటల కోడ్

దారిలో కొన్ని అంకెలు చెడిపోయినా అసలు సందేశం తిరిగి దొరికేలా కోడ్ రాయాలి, అదీ వీలైనంత పొట్టిగా. అంతకన్నా పొట్టిది లేదని నిరూపించాలి. నా పీహెచ్‌డీ అంతా ఇదే. టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాను. నాన్నకి నవ్వు. "పొడుగైతే ఏటైపోద్దే? కాయితాలేటి, కరువా?" అనేవాడు.

నాన్నది ఉద్దానంలో కొబ్బరి, జీడి తోట. మా ఊళ్ళో చాలామందికిలాగే ఆయనకీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళేవాళ్ళం. ఒంట్లో నీరు చేరుతుందని డాక్టర్లు నీళ్ళు గుక్క లెక్కనే ఇమ్మన్నారు. అమ్మ ఆయన గదిలోంచి బిందె తీసేసింది. అలాంటి రోగి వినేలా దాహం అన్న మాట ఎత్తకపోవడం మా వైపు ఇళ్ళల్లో మర్యాద. మాకు దాహమేస్తే దొంగల్లా పెరట్లోకి పోయి తాగి వచ్చేవాళ్ళం.

తర్వాత పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, మెడ తిరగదు, రెప్పలు వాలిపోయాయి. చెవులు మాత్రం వినిపిస్తున్నాయి. కుడిచేతి మూడు వేళ్ళు కదిలేవి, అవీ వణుకుతూ. ఒక వేలు నొక్కబోతే పక్కది తగిలేది. కాసేపటికే అలిసిపోయి నిద్రలోకి జారిపోయేవాడు.

నా చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని సంబరపడ్డాను. మూడు వేళ్ళంటే మూడే అంకెలున్న లోకం. ఎలా కూడినా, గుణించినా ఆ మూడింట్లోకే రావాలి. నా అరచేతిలో నాలుగుసార్లు వేలు నొక్కితే చాలు, తొమ్మిది మాటలు చెప్పవచ్చు. అందులో ఒక నొక్కు తప్పినా అసలు మాట దొరుకుతుంది. మూడు నొక్కులతో ఆ పని కానే కాదు. జీడిపిక్కల లెక్కలు జీవితమంతా నోటితోనే కట్టిన మనిషి, తొందరగానే పట్టుకున్నాడు.

ఆ తొమ్మిది మాటలూ వంటింట్లో కూర్చుని అమ్మా నేనూ ఎంచాం. నొప్పి, చలి, ఫ్యాను, పక్కకి తిప్పండి, ఇలాంటివి. నీళ్ళు అనగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మాటెట్టకే. ఆయన అడిగితే నానేటి సెప్పీది? లేదనడానికి నాకు నోరు రాదు."

నాకూ రాదు. దాని బదులు 'దీపం ఆర్పండి' పెట్టాం.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. చలి అన్నాడని దుప్పటి కప్పితే ఆయన మొహం తేటపడేది. ఇంట్లో మళ్ళీ నాన్న మాట వినిపిస్తున్నట్టే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం వేళ్ళు కదిపాడు. ఒక నొక్కు తప్పింది, సరిదిద్దుకున్నాను: పక్కకి తిప్పండి. తిప్పాం. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. అటు తిప్పాం, ఇటు తిప్పాం. ఆ ఎముకల గూడు తిప్పిన ప్రతిసారీ మూలిగేది. "ఏటి కావాలయ్యా, సరిగ్గా సెప్పు!" అని అమ్మ ఏడ్చేసింది.

అప్పుడు తట్టింది నాకు. అన్నిసార్లూ అవే నాలుగు నొక్కులు. వణికే వేలు ప్రతిసారీ ఒకే చోట ఒకేలా తప్పదు. అది తప్పు కాదు. మేం ఇవ్వని పదో మాటని ఆయనే కల్పించుకున్నాడు. నా కోడ్‌లో దానికి చోటు లేదు. ఆ వేళ్ళు ఎలా నొక్కినా ఎనభై ఒక్క రకాలే, ఒక్కో మాటా, ఒక నొక్కు తప్పినవాటితో కలిపి, తొమ్మిదేసి లాగేసుకుంటుంది, 'అర్థం కాలేదు' అనడానికి ఒక్కటీ మిగలదు. మా శాస్త్రంలో దీన్ని పరిపూర్ణమైన కోడ్ అంటారు. ఆ పేరు పెట్టినవాణ్ణి ఆ మంచం పక్కన నిలబెట్టాలనిపించింది.

అమ్మకి చెప్పాను. ఆ మాట ఏమై ఉంటుందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. గుక్కెడు పోద్దామని లేచేసరికి ఆయనకి ఎగశ్వాస మొదలైంది.

చుట్టాలు పోగయ్యారు. ఎవరో చెంబుతో తులసి నీళ్ళు తెచ్చారు. పోయే ప్రాణానికి అందరూ పోయాలి కదా, ఒక్కొక్కరే వచ్చి చెంచాతో పోశారు. ఎవరూ కొలవలేదు. పోసినవన్నీ పెదవి చివర నుంచి కారి దిండు తడిసిపోయింది. అమ్మ చెంబు లాక్కుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది.

"తాగయ్యా, ఇప్పుడెవులు వద్దంటారు? తాగు."

ఆయన మింగలేదు.