రాక్షసుడి కోసం దాచిన మందు సీసాలు

ఆ రోజుల్లో జహీరాబాద్ మొత్తంలో నాకంటే పొదుపరి ఆడపిల్ల ఉండేదని నేననుకోను. ఈ గుణం మా అమ్మ పెంపకం వల్ల వచ్చిందని బంధువులు అనేవారు, అమ్మ కూడా కాదనేది కాదు. నిజానికి అది మా చెల్లెలి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌లోని ఒక వీడియో గేమ్ చలవ. కత్తి పట్టుకున్న వీరుడు అడవులూ గుహలూ దాటుకుంటూ కొండ మీది పెద్ద రాక్షసుడి దగ్గరికి వెళ్లాలి. దారిలో నాణేలు దొరుకుతాయి, దుకాణాలు తగులుతాయి. మొదటి ఊళ్లోనే ఉన్నదంతా పెట్టి మెరిసే కత్తి కొన్నాను. గంట తిరక్కుండా అలాంటిదే ఒక గుహలో ఊరికే దొరికింది. ఆ దెబ్బతో కొనడం మానేసి, గాయాలు మాన్పే మందు సీసాలు పోగుచేయడం మొదలుపెట్టాను. చివరికి నలభై ఏడు సీసాలు సంచిలో ఉండగానే మా వీరుడు ఒక కప్ప చేతిలో చచ్చిపోయాడు (మామూలు కప్పే, విషం కూడా లేదు).

"సంచిల గన్ని మందులు పెట్టుకొని ఎట్ల సచ్చిండే అక్కా? ఒక్కటి తాగిస్తే ఏం పోతుండె?" అంది చెల్లెలు.

"ముంగట పెద్ద రాక్షసుడున్నడు గద. అప్పటికి ఉండాలె."

"వాని దాంక పోతే గద!"

ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవడానికి నాకు ఒక పన్ను ఖర్చయింది.

డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి లెక్కల టీచరుగా చేరాను. తోటి టీచర్లు మొదటి నెలలోనే వాయిదాల మీద కొత్త ఫోన్లు కొన్నారు. నేను ఒకసారి కత్తి కొని మోసపోయినదాన్ని కాబట్టి కొనలేదు. జీతం పడిన రోజే మూడో వంతు ఇంకో ఖాతాలో వేసేదాన్ని, దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. ఇంతవరకు ఆట నేర్పింది మంచి పాఠమే, ఎవరికైనా ధైర్యంగా చెప్పొచ్చు. రెండేళ్లు గడిచాయి. ఒకరోజు కాల్చిన మక్కజొన్న బుట్ట కొరుకుతుంటే ఎడమవైపు దవడ పన్ను జివ్వుమంది.

ఇది కప్పలాంటిదేలే అనుకున్నాను. లవంగం నొక్కిపెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, కుడివైపే నమలడం అలవాటు చేసుకున్నాను (కుడి దవడ పాపం రెండు నెలలు రెండు షిఫ్టులు చేసింది). అమ్మ చూసి చూసి ఒకనాడు అడిగింది.

"పైసలు లేవానే?"

"ఉన్నయ్."

"ఉంటే దవాఖానకు పోనీకేమైంది?"

"గవి ఖర్చు పెట్టేటియి కావమ్మా. ఉండాల్నని ఉన్నయ్."

అమ్మ నన్నొకసారి, పెనం మీది జొన్నరొట్టెనొకసారి చూసి, రొట్టెను తిప్పింది. నవ్వుకుంటే నవ్వుకోండి కానీ, నాకు నిజంగానే భయంగా ఉండేది. అసలైన ఆపద ఎంత పెద్దదో, ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన రోజు ఖాతా ఖాళీగా ఉంటే ఎవరి గడప తొక్కాలి?

ఒక సోమవారం చెంప బూరెలా పొంగింది. ఎక్కాలు చెప్పిస్తుంటే తొమ్మిది మూళ్ల దగ్గర నా నోరు తెరుచుకోలేదు. పిల్లలు ఎంతో దయతో "ఇరవై ఏడు టీచర్" అని అందించారు. హెడ్మాస్టరమ్మ మా నాన్నకు ఫోన్ చేసింది. ఝరాసంగం రోడ్డులో షేర్ ఆటో నడిపే నాన్న, ప్రయాణికుల్ని సగం దారిలో ఇంకో ఆటో ఎక్కించి మరీ వచ్చాడు.

"రెండు నెలల కింద వస్తే జర సిమెంటు పెట్టి పంపుతుంటి. ఇప్పుడు పీకుడే," అన్నాడు పళ్ల డాక్టరు. నాలుగు రోజులు మందులు మింగించి, అన్నంత పనీ చేశాడు. ఆ ఖాళీలో కట్టుడు పన్ను పెట్టాలంటే ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ అంకె వినగానే కొండ మీది రాక్షసుడు ఎవరో నాకు తెలిసింది.

తిరిగి వస్తూ నాన్న ఒక బేకరీ ముందు ఆటో ఆపి, కుడికాలి చెప్పు విప్పి పాదం చూపించాడు. నేను పదో తరగతిలో ఉండగా ఆ కాలికి రెండు వేళ్లు తీసేశారు. షుగరున్న కాలికి ముల్లు గుచ్చుకుందని మాత్రమే మాకు చెప్పారు.

"ముల్లు గుచ్చినప్పుడే పోతే కట్టు గట్టి పంపేటోళ్లు. పైసలు గూడ ఉండె. మీ ఇద్దరి ఫీజులకని పక్కన పెట్టిన, ముట్టబుద్ధి గాలే." చెప్పు మళ్లీ తొడుక్కున్నాడు. "నేను రెండు వేళ్లిచ్చి నేర్చుకున్న బిడ్డా. నువ్వు ఒక్క పన్నుతోని నేర్చుకున్నవ్. తక్కువ ధరకే, సస్తల అయిపోయింది తియ్."

నోట్లో దూది కరిచిపట్టుకుని ఏడవడం చాలా కష్టం, దూది జారిపోతుంది. అయినా ఏడ్చాను. నాన్న చూడనట్టు దిగి, ధర అడక్కుండా రెండు ఐస్‌క్రీములు తెచ్చాడు. "నాకు షుగరు గద, రెండు నువ్వే తిను," అన్నాడు.

ఇప్పటికీ జీతంలో మూడో వంతు పక్కన పెడతాను. కాకపోతే ఏడాదికోసారి అందులోంచి తీసి, ఏ నొప్పీ లేకపోయినా ఇంట్లో అందరినీ దవాఖానకు లాక్కెళ్తాను. ఒక్కోసారి ఒకప్పుడు నేనే అయిన ఆ పిల్ల గుర్తొస్తుంది, వాచిన చెంపకు చున్నీ చుట్టుకుని, నిండు ఖాతాతో ఎక్కాలు చెబుతూ. చెయ్యి పట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలనిపిస్తుంది. రాదు, నాకు తెలుసు. ముందు ఫీజెంతో కనుక్కుని రమ్మంటుంది.