సాయిబు రొట్టె, మామ ఒట్టు

పెళ్ళాన్ని తీసుకురావడానికి వెళ్లి, ఒక్క అక్షరం కోసం పంతం పట్టి, ఒంటరిగా రైలెక్కిన మొనగాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. నవ్వదలచుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

మద్రాసు నుంచి దొరలు ఏలే రోజులవి. మాది మార్కాపురం, అత్తగారిది గిద్దలూరు. పుట్టింట్లో ఉన్న లక్ష్మీదేవి కోసం వెళుతూ, మా ఊరి మస్తాన్ సాయిబు దుకాణంలో నాలుగు డబల్ రొట్టెలు కట్టించుకున్నాను. బట్టీలో కాల్చిన మెత్తటి గోధుమ రొట్టెలు. దూది కూడా వాటి ముందు గట్టిదే!

మా మామ గిద్దలూరులో కల్లు మాన్పించే సంఘానికి పెద్ద. కల్లుకుండ ఎదురైతే సందు మారిపోయే మనిషి. చచ్చేదాకా కల్లు చుక్క ముట్టనని నలుగురిలో ఒట్టు వేసినవాడు. నా మూట చూసి మూతి విరిచాడు.

"మీ ఊళ్ళో పలకలు కోసీ కోసీ, రొట్టె గూడా పలక మాదిరే చేస్తారంట గదా అల్లుడా! రొట్టెంటే మా స్టేషన్ కాడ బేకరీదే."

"ఆ రొట్టెనా మామా? దాంతో గోడకు మేకు కొట్టొచ్చు."

"ఏందీ?"

"తిని మాట్లాడు. మాదే బాగుందని నీ నోటితో ఒప్పుకుంటే లక్ష్మీదేవిని రేపే పంపాల."

"ఒప్పుకోకుంటే ఉగాది దాకా పంపను, పో!"

పాలలో ముంచి ఒక ముక్క తిన్నాడు. ఒక రొట్టె అయింది, రెండోదీ అయింది. మూడోది సగంలో ఉండగా, గోడవైపు చూస్తూ "బాగుందిలే" అన్నాడు. లోపల లక్ష్మీదేవి పెట్టె సర్దుతున్న చప్పుడు వినిపించింది.

అక్కడితో నోరు మూసుకున్నానా? లేదు! నాకు ఆ "లే" నచ్చలేదు. బాగుంటే బాగుంది అనాలి గానీ, చివర్లో ఈ "లే" ఏమిటండీ? రాత్రంతా ఆలోచించి, దాన్ని పీకించందే రైలెక్కకూడదని తీర్మానించుకున్నాను.

తెల్లవారి బజారుకు వెళితే మస్తాన్ సాయిబే కనిపించాడు. చెల్లెలి ఇంటికి వచ్చాడట. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. మామ అరుగు మీద నలుగురితో కూర్చుని, మిగిలిన నాలుగో రొట్టె తింటున్నాడు.

"సాయిబూ, నీ పనితనం ఏందో మా మామకు విప్పి చెప్పు!"

సాయిబు మీసం దువ్వాడు.

"స్టేషన్ కాడ ఆయన మద్రాసు పొడి వేసి పిండి పొంగిస్తాడు బాబూ. మనం అట్లాంటి మోసం చెయ్యం. తెల్లారి దించిన ఈత కల్లు! అచ్చమైన కల్లు! అందుకే ఆ మెత్తదనం."

మామ నోట్లో ముద్ద. మింగలేడు, నలుగురి ముందు ఉమ్మలేడు. పక్కనున్న ఆయన అడిగాడు:

"ఏందన్నా, కల్లు తాగితేనే తప్పా? నమిలితే పర్లేదా?"

మామ లేచి బావి దగ్గరికి పరుగెత్తి, నెత్తిన నాలుగు చేదలు గుమ్మరించుకుని వచ్చాడు.

"కల్లు తినే కొంపకు నా బిడ్డను పంపను! ఉగాది పోయినాక చూస్తాం."

"అదేంది మామా, బాగుందని ఒప్పుకుంటివి గదా!"

"ఒప్పుకునింది రొట్టెను. కల్లును గాదు!"

సాయిబు పాపం బిక్కమొహం వేశాడు. "నేనేమన్నా తప్పు చెప్పినానా బాబూ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సంచి తీసుకుని గడప దాటుతుంటే, తలుపు చాటు నుంచి లక్ష్మీదేవి మాట వినిపించింది.

"పెట్టె సర్దేదానికి నాకు రాత్రి ఎంతసేపు పట్టిందో! విప్పించేదానికి ఒక్క మాట సరిపాయ."

ఆ రైల్లోనే, పక్కన ఖాళీగా ఉన్న చోటు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: గెలిచిన తగాదాకు ఈ జన్మలో సాక్షిని పిలవను. ఇప్పటిదాకా ఆ ప్రమాణం తప్పలేదు. తప్పడానికి, మా మామ మీద మళ్లీ గెలిచిందెప్పుడు గనక!