ఎలుగు భోజనానికి వెళ్లింది

మా ఇంట్లో ఒక బొమ్మల పుస్తకం ఉంది, తెరిస్తే తుమ్ము వస్తుంది. మొదటి పేజీలో పసుపు వాసన, కొంచెం తిప్పితే ఇంగువ, ఆ తర్వాత ఏనుగు స్నానం చేసే చోట ఎండుమిరప ఘాటు. మొన్న మా మనవరాలు ఏనుగు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా తుమ్మి, "తాతా, ఈ ఏనుక్కి జలుబు సేసిందేటి?" అంది. మా వంశంలో వేళాకోళం ఇంకా బతికే ఉందని సంతోషించాను. ఆ పిల్ల ఇంకో పేజీ తిప్పబోయింది. అక్కడ పేజీ లేదు, దారం ఉంది.

ఒడిశాలోని బరంపురంలో మా నాన్నది కిరాణా కొట్టు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. పొట్లాలు కట్టడానికి పాత కాగితం బస్తాల్లో తూకానికి వచ్చేది, ఆఫీసు కాగితాలు, పరీక్ష పేపర్లు, పిల్లలు పాసై వదిలేసిన పుస్తకాలు, అన్నీ కలగాపులగంగా. ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన నాకు మిగిలిన చదువంతా ఆ బస్తాల్లోనే దొరికింది, అందుకే నాకు ఏ కథకీ చివర తెలియదు. బొమ్మల పుస్తకం కనబడితే నాన్న లోపలికి పంపేవాడు. కాని అది అరువే, కాగితం తక్కువైన రోజున మళ్లీ కొట్లోకి వెళ్లిపోవాల్సిందే. అలా ఎన్ని పులులు ధనియాల పొట్లాలైపోయాయో! ఎలుగుబంటి ఉన్న పుస్తకం ఒక్కటే వెనక్కి వెళ్లలేదు. మా చెల్లెలు గౌరి వెళ్లనివ్వలేదు.

గౌరికి నాలుగేళ్లు. అన్నం అంటే ఆమడ దూరం పరిగెత్తేది. అమ్మకి ఏ అక్షరమూ రాదు, పుస్తకమేమో ఒడియాలో ఉంది, అయినా అమ్మ దాన్ని తెలుగులో చదివేసేది, పేజీకి ఒక ముద్ద. ముద్ద మింగితేనే పేజీ తిరిగేది. అమ్మ చదువులో అడవి జంతువులన్నీ ఆ రోజు మా ఇంట్లో ఏం వండితే అదే తినేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లటి నీళ్లలో నానిన పఖాళ అన్నం, వేయించిన వడియాలు, పచ్చి మామిడి ముక్క ఏనుగు తినేది. తొలి వానలతో వచ్చే రజొ పండక్కి, వీధిలో ఆడపిల్లలు ఉయ్యాలలూగుతుంటే, బియ్యప్పిండీ మినప్పిండీ కొబ్బరీ బెల్లమూ కలిపి నిప్పుల మీద తెల్లారేదాకా కాల్చిన పొడపిఠా, ఇల్లంతా మాడిన బెల్లం వాసన వేస్తుంటే, ఎలుగు తినేది. పిఠా అడుగున నల్లగా మాడిన చెక్కు మా ఇద్దరికీ ప్రాణం. గౌరి తన చెక్కులోంచి ముక్క విరిచి ఎలుగు నోటికి అద్దేది. నెయ్యి మరక పడి పడి దాని మూతి కాగితానికి అటువైపు కూడా కనబడేది.

"దానికి పెట్టినావు, మరి నాకో?" అనేవాణ్ణి.

"నీకు నోరుంది, అడుగుతావు. అదడగలేదు," అనేది.

ఆ ఏడు రజొ వెళ్లిన కొన్నాళ్లకి గౌరికి జ్వరం వచ్చింది, తగ్గలేదు. పేజీకి ముద్ద పోయి పేజీకి చెంచాడు గంజి అయింది. తర్వాత గంజి లేకుండానే పేజీలు తిరిగాయి. ఒక వాన సాయంత్రం పుస్తకం మధ్యలో ఆగిపోయింది.

నాన్న అక్క, మా పెద్దత్త వచ్చి, అమ్మ కంట పడకూడదని గౌరి గౌన్లూ గిన్నే ఎవరికో ఇచ్చేసింది. పుస్తకం కొట్టు కాగితమే కదా అని కొట్లో దొంతర మీద పెట్టింది. మళ్లీ కొట్టు తెరిచిన రోజున నాన్న ఎటో చూస్తూ, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, పొద్దుటి బేరాలన్నిటికీ ఆ పుస్తకాన్నే చింపి పొట్లాలు కట్టాడు. అట్ట మిగిలాక చూసుకున్నాడు. అప్పుడే లోపల్నుంచి అమ్మ గొంతు, "ఏటండీ, గౌరి పుస్తకమేదీ?"

అమ్మిన సరుకు చచ్చినా వెనక్కి తీసుకోని మనిషి మా నాన్న. ఆ మధ్యాహ్నం కొట్టు కట్టేసి, పొట్లాలు మార్చి కట్టడానికి పాత పేపర్ల కట్ట నా నెత్తిన పెట్టి, వానలో గుమ్మం గుమ్మం తిరిగాడు. "సరుకు మీదే తల్లీ, కాయితం ఒక్కటీ ఇచ్చీండి," అని తెలుగు వాళ్లని తెలుగులో, ఒడియా వాళ్లని ఒడియాలో అడిగాడు. కారణం ఎవరూ అడగలేదు. ఆడవాళ్లు చెత్తబుట్టల్లోంచి కూడా ఏరి, కొంగుతో తుడిచి ఇచ్చారు. నాన్న వాటిని చొక్కా లోపల దాచుకున్నాడు.

చివరిది వీధి చివర ఉండే సుభద్ర మావుసి ఇల్లు, మావుసి అంటే ఒడియాలో పిన్ని. మమ్మల్ని చూడగానే ఆవిడ పొయ్యి వైపు చూసింది. "తడి కట్టెలు నాయనా, అంటుకోనేదు. కాయితం ఎలిగించీసినాను," అని తనకొచ్చిన తెలుగులో చెప్పి, గోడకి ఆనుకుని ఏడ్చింది.

దారిలో నాన్న ఆగాడు. "పొయ్యి సంగతి అమ్మకి సెప్పకురా. దొరకలేదని సెప్పు."

అమ్మ పేజీలు ఒళ్లో పేర్చుకుంది. అక్షరం రాకపోయినా వరస తప్పలేదు. ఎలుగు దగ్గర చెయ్యి ఆగింది.

"అదొక్కటీ దొరకలేదమ్మా," అన్నాను.

అమ్మ చాలాసేపు నాన్ననే చూసింది. నాన్న వాన చూస్తున్నాడు.

"దొరకలేదంటే ఎవురింట్లోనో ఉన్నట్టే కదా. ఉండనీ. ఆళ్లు ఏటి వండితే అది తింటాది," అంది. బస్తాలు కుట్టే సూదితో పుస్తకం కుట్టింది. ఆ చోట కాస్త ఖాళీ వదిలింది, వస్తే పట్టేలా.

ఇప్పుడు కొట్టు నాది. పొట్లాలు లేవు, ఉప్పు దగ్గర్నుంచి అన్నీ కవర్లలోనే వస్తాయి. పిఠా మిఠాయి కొట్లో అట్టపెట్టెలో అమ్ముతున్నారు, మాడిన చెక్కు కోసి పారేసి మరీ. అందుకని మా ఆవిడ ఇంట్లో కుక్కర్లోనే మాడుస్తుంది. అమ్మా నాన్నా మావుసీ వెళ్లిపోయారు. పొయ్యి సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను.

"తాతా, ఇక్కడేటుండేది?" అంది మనవరాలు దారం మీద వేలు పెట్టి.

"ఎలుగు."

"ఏటయిపోనాది?"

"ఎవురింటికో బోజనానికి ఎల్లింది."

"ఇంకా తింతందా?"

తల ఊపాను. ఆ పిల్ల తన చేతిలో ఉన్న మాడిన పిఠా చెక్కులోంచి ముక్క విరిచి, ఆ ఖాళీలో పెట్టి పుస్తకం మూసేసింది.

చీమలు పడతాయి తీసెయ్యమని మా ఆవిడ అంటోంది. పడనీ.