మైకు మామయ్య పెట్టిన సంతకం

మా మామయ్యది మైకు సెట్టు అద్దెకిచ్చే పని. ఊళ్ళో ఏ పార్టీ మీటింగు పెట్టినా, ఏ సంఘం వాళ్ళు ధర్నాకి కూర్చున్నా మైకు మాత్రం ఆయనదే. వాళ్ళింటి ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట పదహారు లౌడ్‌స్పీకర్ హారన్లు ఉంటాయి. మొదట్లో అత్తయ్య గొణిగేదట. తర్వాత రెండింటిని బోర్లించి వచ్చినవాళ్ళకి ముక్కాలిపీటల్లా వాడేయడం మొదలుపెట్టింది. చుట్టాలు వాటి మీద కూర్చుని, పడిపోతామేమోనని కాళ్ళు బిగబట్టుకుని టీ తాగి వెళ్తుంటారు.

మామయ్యకి పేరు తెచ్చింది ఆ హారన్లు కాదు, ఆయన కుడిచెయ్యి. మీటింగు జరిగినంతసేపూ వేదిక పక్కన స్టూలు మీద కూర్చుని ఆ చేతిని శబ్దం పెంచి తగ్గించే మిక్సరు గుబ్బ మీదే ఉంచుతాడు. నాయకులు మైకు ముందు చెప్పేది ఒకటి, తల పక్కకి తిప్పి అనేది ఇంకొకటి. ఆ తల తిరగబోతోందని దాని యజమానికంటే ముందు మామయ్యకి తెలిసిపోతుంది. గుబ్బ చటుక్కున కిందికి తిరుగుతుంది.

ఒక నాయకుడున్నాడు. ఎప్పుడు లేచినా గంటన్నరకి తక్కువ మాట్లాడడు కనక మేమందరం ఆయన్ని గంటన్నరగారు అనే పిలుస్తాం. ఒకసారి ఆయన తన పార్టీ పెద్దాయన్ని పట్టుకుని, మాకందరికీ తండ్రిలాంటి వారు అని గద్గదంగా చెప్పి, అదే ఊపులో పక్కనున్నాయనతో, ఈ ముసలాయన కుర్చీ ఎప్పుడు ఖాళీ చేస్తాడో అన్నాడు. జనానికి వినిపించింది తండ్రి దాకానే. గంటన్నరగారు ఇప్పటికీ ఎదురుపడితే మామయ్యకి ముందుగా నమస్కారం పెడతాడు.

ఇందులో మామయ్యకి ఒక లెక్క ఉంది. మైకు ముందు అన్నది జనానిది, పక్కకి తిరిగి అన్నది వాళ్ళది, మనకెందుకు అంటాడు. ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మైకు మీద ఉండే చిన్న స్విచ్చికి నల్లటేపు గట్టిగా చుట్టేస్తాడు. చుట్టకపోతే వక్తలు ఆవేశంలో దాన్ని నొక్కేసి, కాసేపు మూగగా చేతులూపి, దిగి వచ్చి ఆయన్ని తిడతారు. ఆయన మైకు ఒకసారి మీ చేతికిచ్చాడంటే, అది ఆపడం ఆయన గుబ్బకి తప్ప ఎవరికీ చేతకాదు.

నేను ఆయన మేనకోడల్ని. చిన్న పత్రికలో విలేకరిని. వార్త రాసేదీ నేనే, ఫొటో తీసేదీ నేనే. ఆఫీసు వాళ్ళింటికి రెండు వీధుల అవతలే కావడంతో మేడ మీద గది నాకిచ్చారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మామయ్యకి ఒళ్ళంతా వెతికినా దొరకదు. అందుకని బాగానే కుదిరింది, ఆ మార్కెట్టు మీటింగు దాకా.

కౌన్సిల్ ఎన్నికలు మూడోసారి వాయిదా వేశారని ప్రతిపక్షాలన్నీ కలిసి మార్కెట్టు కూడలిలో సభ పెట్టాయి. సాయంత్రం నాలుగున్నర. కూరగాయల బండ్ల వాళ్ళు కూడా బండ్లు వదిలి వచ్చి వింటున్నారు. ఉన్నట్టుండి వెనక నుంచి పోలీసులు లాఠీలతో దిగారు. వెళ్ళిపొమ్మని ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నేను ఫొటో తీస్తుంటే ఎడమ మణికట్టు మీద దెబ్బ పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడ్డ కెమెరాని ఒకాయన బూటుతో తొక్కి, చాలదన్నట్టు ఇంకోసారి తొక్కాడు. ఇంకో పత్రిక ఫొటోగ్రాఫరుకి, అరవై ఏళ్ళ మనిషికి, కళ్ళజోడు పగిలి నుదురు చీలింది.

కొట్టింది వాళ్ళు, కేసు మా ఇద్దరి మీద. మూడుసార్లు మైకులో హెచ్చరించినా కదలకుండా విధులకు అడ్డుపడ్డారట. అది చదివి నాకు నవ్వొచ్చింది. హెచ్చరిక లేదని వందలమందికి తెలుసు కదా అన్నాను. మా లాయరమ్మ నవ్వలేదు. కాగితం తిప్పి చూపించింది. మూడు హెచ్చరికలూ నా మైకులోనే ఇచ్చారు, నేను విన్నాను అని కింద సంతకం. మా మామయ్యది.

ఆ సంతకం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నా స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద అదే ఉంటుంది, మా నాన్న ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉండేవాడు కాబట్టి. ఇంటికొచ్చి ఎందుకు పెట్టావని అడిగాను. మైకు పర్మిషన్ ఇచ్చేది స్టేషన్ వాళ్ళేనమ్మా, సంతకం పెట్టకపోతే ఇక జన్మలో ఇవ్వమన్నారు, అన్నాడు తల దించుకుని. నేను ఇంకో మాట మాట్లాడకుండా మేడెక్కేశాను. అప్పటి నుంచి ఆయనతో మాటలు బంద్.

ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడకుండా ఉండటం ఎంత పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. గ్లాసు కావాలంటే అత్తయ్యతో చెప్పడం, తలుపు వెయ్యమనాలంటే అత్తయ్యతో చెప్పడం. మీ ఇద్దరి మధ్యా నా గొంతు అరిగిపోతోంది, నాకూ ఒక మైకు ఇప్పించండి అని ఆవిడ విసుక్కునేది. మామయ్య మాత్రం రోజూ పొద్దున్నే నా నూనెసీసా మూత, టూత్‌పేస్టు మూత వదులు చేసి పెట్టేవాడు, ఒంటిచేత్తో తియ్యలేనని. అది చూసి కోపం ఇంకా పెరిగేది. ఇంత చేసే మనిషి ఆ ఒక్క సంతకం వెనక్కి తీసుకుంటే ఏం పోయిందని. ఆయన వెనక్కి తీసుకుంటే తప్ప మా వాదన నిలబడదని లాయరమ్మ తేల్చి చెప్పింది.

ఆరు వారాలకి నా కట్టు విప్పారు. ఆ వారమే ఆటస్థలంలో రెండో సభ. అరువు కెమెరా మెళ్ళో వేసుకుని వెళ్ళాను. మామయ్య తన స్టూలు మీద ఉన్నాడు. పదహారు హారన్లూ స్థలం చుట్టూ స్తంభాలకి ఎక్కాయి. గంటన్నరగారు గొంతు సవరించుకుంటుండగా ఇన్‌స్పెక్టరు వేదిక ఎక్కి మైకు ఇమ్మన్నాడు. మార్కెట్టు సంగతి పేపర్లలో పడి పరువు పోయింది కదా, ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నట్టున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఈ సభకి అనుమతి రద్దయింది, పది నిమిషాల్లో ప్రశాంతంగా వెళ్ళిపోవాలని కోరుతున్నాం, అన్నాడు.

ఆయన పొరపాటు అక్కడే జరిగింది. పాపం, ముప్పయ్యేళ్ళుగా వాకీటాకీలో మాట్లాడిన మనిషి. వాకీటాకీ అయితే బొటనవేలు నొక్కితే మాట వెళ్తుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. మామయ్య మైకుని కూడా అలాగే నల్లటేపు మీద నొక్కి పట్టుకుని మాట్లాడాడు. అయిపోయాక బొటనవేలు తీసేసి, మైకు గడ్డం కిందే పెట్టుకుని తన కిందివాడి వైపు తిరిగాడు.

"పది నిమిషాలూ లేదు, పాడూ లేదు. ముందు ఆ పేపరోళ్ళ కెమెరాలు లాక్కోండి. ఫొటోలు ఉండకూడదు. తర్వాత వెనక నుంచి మొదలుపెట్టండి. మూడుసార్లు చెప్పినట్టు నేను రాసేస్తాలే."

పదహారు హారన్లూ ఆ మాటల్ని ఒక్క అక్షరం పోకుండా చెప్పాయి. ఆటస్థలంలోనే కాదు, పక్కవీధి మేడల మీద బట్టలు ఆరేసుకుంటున్న వాళ్ళకి కూడా. నేను మామయ్య వైపు చూశాను. తల తిరగడం ఆయన చూడకపోవడమేమిటి, అందరికంటే ముందు చూసే ఉంటాడు. ఆ కుడిచెయ్యి గుబ్బ మీద లేదు. రెండు చేతులూ కట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు తన గొంతు ఆకాశంలోంచి వినిపించేసరికి తలెత్తి, ఎవడ్రా అది అన్నాడు. అది కూడా పదహారు వైపుల నుంచీ వినిపించింది. ఎక్కడో వెనక ఒకావిడ పకపకా నవ్వింది. అంతే, ఆ నవ్వు వరస తర్వాత వరసని అంటుకుంది. వెయ్యిమంది కడుపులు పట్టుకుని నవ్వుతుంటే లాఠీ ఎత్తడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి. ఒక కానిస్టేబులైతే టోపీ సర్దుకునే వంకతో మొహం దాచుకుని భుజాలు కదిలిస్తున్నాడు. జనం ఒకరి తర్వాత ఒకరు కింద కూర్చున్నారు. ముందు వరసల్లోని ఆడవాళ్ళు మమ్మల్ని, విలేకర్లందరినీ, చేతులు పట్టి లాగి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. కెమెరాలు పైకెత్తి పట్టుకున్నాం. ఎవరి కెమెరా పోలేదు, ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. గంటన్నరగారు సంతోషం పట్టలేక పన్నెండు నిమిషాల్లో ముగించాడు. అది కూడా మా పేపర్లో వార్తగా వేశాం.

ఆ రాత్రే సెట్టుని స్టేషన్‌కి పట్టుకుపోయారు. మర్నాడు పొద్దున్నే మామయ్యకి కబురు. విలేకరి హోదాలో నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్ర పట్టినట్టు లేదు. ముందే టైపు చేయించిన కాగితం ఒకటి మామయ్య ముందుకు తోశాడు. నా మైకు సెట్టులో లోపం ఉంది, దానివల్ల ఏవేవో తప్పుడు శబ్దాలు వచ్చాయి అని అందులో ఉంది. సంతకం పెడితే సెట్టు తీసుకెళ్ళిపోవచ్చు, పర్మిషన్లకీ ఢోకా ఉండదన్నాడు.

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"సార్, నా సెట్టుకి ఏ లోపమూ లేదు."

"అయితే గుబ్బ ఎందుకు తిప్పలేదయ్యా? అందరికీ తిప్పుతావటగా?"

"తిప్పుతాను సార్. మీకూ తిప్పేవాణ్ణే. ముందు కెమెరాలు అన్నారు చూడండి, అక్కడ చేతులు కట్టేసుకున్నాను."

సెట్టు స్టేషన్‌లోనే ఉండిపోయింది. మూడు నెలలు పర్మిషన్ లేదని రాసిచ్చారు. బయటికి వచ్చి ఇద్దరం ఒకే దారిన నడిచాం, ఆయన ముందు, నేను వెనక. ఆయన్ని పట్టుకుని ఎగరాలన్నంత సంతోషంగా ఉంది నాకు. కానీ మార్కెట్టు సంతకం అలాగే ఉంది. దాని గురించి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. ముందుగదిలో హారన్లు లేక ఇల్లు బోసిపోయింది. చుట్టాలు వచ్చి నిలబడే టీ తాగారు.

మూడు వారాలకి మూడో సభ పెట్టారు. పోలీసులు సభ వద్దనలేదు, వద్దనే ధైర్యం లేదు. మైకు పర్మిషన్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అయితే మైకు లేకుండానే అన్నారు జనం. వరసలుగా నిలబడ్డారు. వేదిక మీద ఒక వాక్యం చెబితే మొదటి వరస వెనక్కి తిరిగి రెండో వరసకి చెబుతుంది, రెండో వరస మూడో వరసకి. ఒక్కో వాక్యం చివరిదాకా చేరేసరికి వక్త కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. గంటన్నరగారికి ఆ పద్ధతి అస్సలు నచ్చలేదు, అందుకేనేమో మిగతా అందరికీ తెగ నచ్చింది.

నేను ఏడో వరసలో ఉన్నాను. కెమెరా ఉన్నా సరే, నా వంతు మాట నేను మొయ్యాల్సిందే. నలుగురు మాట్లాడాక వేదిక మీదికి మామయ్య ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో నాకు వినిపించలేదు. మొదటి వరస తిరిగింది, రెండోది తిరిగింది. నా ముందున్న మీసాలాయన దగ్గరికి చేరాక నా వైపు తిరిగి చెప్పాడు.

"మార్కెట్టు దగ్గర ఆ రోజు ఎవరూ ఏ హెచ్చరికా ఇవ్వలేదు."

నేను వెనక్కి తిరిగి చెప్పాను. మళ్ళీ ముందుకి తిరిగేసరికి రెండోది సిద్ధంగా ఉంది.

"ఇచ్చారని నేను సంతకం పెట్టాను. అది అబద్ధం."

చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అబద్ధమని రాసి పొద్దున్న కోర్టులో ఇచ్చి వచ్చాను."

చెప్పాను.

మీసాలాయనకి నేనెవరో తెలియదు. నాలుగో వాక్యం కూడా మిగతా మూడింటిలాగే స్పష్టంగా, పొల్లు పోకుండా అందించాడు. "నా మేనకోడలి చెయ్యి విరిగింది. తొమ్మిది వారాలైనా నేను ఆ అమ్మాయికి క్షమించమని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

నేను వెనక్కి తిరిగాను. ఎనిమిదో వరసలో బిడ్డని ఎత్తుకున్న ఒకావిడ నోరు తెరుచుకుని నా మాట కోసం చూస్తోంది. నా మేనకోడలి చెయ్యి విరిగింది, అన్నాను. ఆ తర్వాతది రాలేదు. ఆవిడ కాసేపు చూసి, చెప్పమ్మా, వెనక వాళ్ళు ఎదురుచూస్తున్నారు అంది. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. ఆవిడ వెనక్కి చెప్పాల్సిన తన వంతు మరిచిపోయి నన్నే అడిగింది. "అయ్యో. ఇంతకీ ఆ అమ్మాయి చెయ్యి బాగయిందా?"

మాట వెనక్కే వెళ్ళాలని ఎవరూ రూలు పెట్టలేదు కదా. నేను ముందుకి తిరిగి మీసాలాయన భుజం తట్టాను. బాగయింది మామయ్యా, ఇంటికి పద, మాట్లాడుకుందాం అని ముందుకి పంపండి అన్నాను. ఆయన నన్ను ఒకసారి తేరిపార చూశాడు. చూసి, అర్థమై, ముందు వరస వైపు తిరిగి గట్టిగా, బాగయింది మామయ్యా అన్నాడు. ఆరో వరస ఐదో వరసతో మామయ్యా అంది. ఐదోది నాలుగో దానితో అంది. మొదటి వరసలో మామయ్యకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైన ఒకాయన చేతికర్ర మీద ఆనుకుని, మెడ పైకెత్తి, బాగయింది మామయ్యా, ఇంటికి పద, మాట్లాడుకుందాం అని ఆయనకి అప్పజెప్పాడు.