పై కొమ్మ జామకాయలు

"పై కొమ్మకు గూడ గుడ్డలు కట్టినవేంది అక్కా? అది గబ్బిలాలకు ఇడిసిన కొమ్మ గదా."

"చెట్టు నాది. నీకంత ఫికరుంటే నీ ఇంట్ల అరటిపండ్లు పెట్టు వాటికి."

"అత్త ఉంటే గిట్ల కట్టనిచ్చేదా?"

"అత్త నీకే అత్త తియ్. నాకు యాడి అత్త."

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. నడుమ గోడ పెట్టి సగం మాకు, సగం మా మరిదికి పంచారు. గోడ అవతల నుంచి అడిగింది మరిది భార్య, నా యారాలు సత్తెమ్మ. నేను మూడో తరగతి దాకే చదివాను. అయినా దయ్యాల మాటెత్తితే, పనిలేదా అని కసిరేదాన్ని.

మా అత్తకు సత్తెమ్మంటే ప్రాణం. పోయేముందు నీళ్ళు కూడా దాని చేతివే తాగింది. నేనూ ఇంకో గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మునిమాపున వచ్చే పెద్ద గబ్బిలాల కోసం అత్త ఆ పై కొమ్మ ముట్టనిచ్చేది కాదు. అవి తిని గింజలు దూరదూరాన వేస్తేనే కొత్త చెట్లు లేస్తాయనేది. మా జామ కూడా ఎవరూ పెట్టింది కాదు, అట్లా మొలిచిందేనట. నాకది దండుగ. అత్త పాత చీర చింపి కాయలన్నింటికీ కట్టేశాను. ఆ చీరను అత్త గుర్తుగా సత్తెమ్మ అడిగితే ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే రెండిళ్ళకూ తాళాలు వేసి, అందరం ఖైరతాబాద్‌లో ఆడబిడ్డ మనుమరాలి తొట్టెల వేడుకకు పోయాం. నిచ్చెన ఎవరికీ అందకుండా ముందే ఇంట్లో పెట్టాను. రాత్రి సత్తెమ్మా నేనూ ఒకే చాప మీద పడుకున్నాం.

పొద్దున కలిసే తిరిగొచ్చాం. పై కొమ్మకు కాయల్లేవు, గుడ్డల్లేవు. కింద గబ్బిలాలు నమిలి ఉమ్మిన పిప్పి. కింది కొమ్మల ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. గబ్బిలం గుడ్డ చింపుతుందేమో గాని, ముడి విప్పదు.

గుడ్డలు సత్తెమ్మ గడప మీద ఉన్నాయి. నాలుగు మడతలు పెట్టి, కొస లోపలికి దోపి. మా ఇంట్లో అట్లా మడిచేది అత్త ఒక్కతే.

ఎవరు విప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. చెట్టు నాది, కట్టింది నేను. నా గడప అక్కడికి పది అడుగులు లేదు. అయినా దాని గడప మీదే ఎందుకు పెట్టినట్టు?

సత్తెమ్మ వాటిని కళ్ళకద్దుకుంది. ఒకటి తీసి గోడ మీదుగా చాచింది.

"ఇంద అక్కా."

తీసుకున్నాను. మడత విప్పకుండా బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.