తునికాకు ముక్క వెంట

హన్మవ్వ చేసిన చివరి మామూలు పని పిల్లిని ఉరికించడం. లింగంపేటలో ఆ సాయంత్రం ఆమె ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది. బీడీలు కట్టే గులాబీ దారం బారెడు తెంపి, కొసకు తునికాకు ముక్క ముడేసి అరుగు మీద ఈడ్చింది. చుక్కి ఎగిరింది, దొర్లింది, గోడెక్కి దూకింది. తెల్లారేసరికి హన్మవ్వ గుండె ఆగిపోయింది.

నిరుటి దాకా చుక్కి సోమరి పిల్లి. హన్మవ్వ పొద్దంతా బీడీలు చుడుతుంటే, అది పెరుగన్నం తిని ఆకుల బస్తా మీద పడుకునేది. గుమ్మడికాయలా ఊరింది. కామారెడ్డిలో బట్టల దుకాణంలో పనిచేసే కూతురు గ్లోరీ దాన్ని పశువుల డాక్టరుకు చూపించింది. పొద్దునా సాయంత్రం పావుగంట వేటాడినట్టు ఆడించమని, తిండి ఒకే గిన్నెలో పెట్టకుండా నాలుగు చోట్ల దాచమని ఆయన చెప్పాడు.

"పిల్లికి కసరత్తట! రేపు బూట్లు గూడ కొంటవా?" అని పక్కింటి భూమక్క నవ్వింది.

"కొంట. నీకేంది నొప్పి?" అంది హన్మవ్వ.

ఎండుచేప తలలు దూలం మీదొకటి, బస్తా వెనకొకటి దాచేది. ఆట ముగిశాక వేట దొరికిన తృప్తి ఉండాలని ఒక ముక్క చేతితో తినిపించేది. ఆర్నెల్లకు చుక్కి నడుము కనిపించింది.

హన్మవ్వను మట్టి చేసి వచ్చిన రోజు చుక్కి ఏమీ ముట్టలేదు. చాట పక్కన ముడుచుకుని కూర్చుంది. పాలు పోస్తే మూతి తిప్పుకుంది.

"దాన్ని కదిలియ్యకు బిడ్డా" అంది చూడవచ్చిన ఎంకవ్వ. "అవ్వ మీద బెంగ వెట్టుకున్నది. మనుషుల కన్న నయం. మూడొద్దులు ఏడ్వని."

వచ్చిన వాళ్లంతా అదే మాట అన్నారు. గ్లోరీ నమ్మింది. ఆమెకూ ముద్ద దిగడం లేదు మరి. రెండో రోజు చుక్కి పసుపు నీళ్లు కక్కింది. గ్లోరీకి లోపల ఎక్కడో భయం కదిలింది. అయినా బెంగే అనుకుంది. మూడో రోజు పొద్దున దాని నోరు తెరిచి చూసింది. నాలుక కింద గులాబీ దారం చుట్టుకుని ఉంది. రెండో కొస గొంతులోకి పోయింది.



"గుంజు, అదే వస్తది" అన్నాడు మేనమామ ఆశన్న.

ఆమె కొంచెమే లాగింది. చుక్కి పసిపిల్లలా అరిచింది. గ్లోరీ చటుక్కున వదిలేసింది.

గంపలో అవ్వ చీర పరిచి, చుక్కిని పెట్టి, ఆటో ఎక్కింది. కామారెడ్డి దాకా చెయ్యి గంపలోనే ఉంది. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా దాని డొక్క ఆగినట్టే అనిపించేది. అవ్వ చేతి వాసన ఎరిగిన ప్రాణి ఆ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే?

"ఎన్ని రోజులాయె?" అన్నాడు డాక్టరు.

"తెల్వది సార్. బెంగ అనుకున్న."

"ఒక కొస నాలికకు చిక్కింది, ఇంకోటి పేగులల్ల. దారం గుంజుకపోయి పేగు కుచ్చులు వడ్తది, కోసుకపోతది. దారంతోని ఆడిస్తే ఆట కాంగనే దాచిపెట్టాలె, వదిలెయ్యొద్దు. మొదటి రోజే తెస్తే..." అని ఆపేసి, చుక్కిని లోపలికి తీసుకుపోయాడు.

గంటన్నర తర్వాత ఆయన ఒట్టి చేతులతో బయటికి వచ్చాడు. ముఖం చూడగానే గ్లోరీ ఖాళీ గంప మూత వేసింది.

సాయంత్రం పెరట్లో ఆశన్న గుంత తీసి చుక్కిని పూడ్చాక భూమక్క వచ్చి పక్కన కూలబడింది.

"పాపం నాదే బిడ్డా. సచ్చిపోయే ముందటి సాయంత్రం మీ అవ్వ మా ఇంటికి ఉరికొచ్చింది. దారం ముక్క కనవడ్తలేదు, పిల్లి మింగిందేమో, గ్లోరీకి ఫోన్ కలుపు అన్నది. ఆమె ఫోన్ల పైసలు అయిపోయినయంట. రెండుమాట్ల చేసిన, నువ్వెత్తలే. సావు లొల్లిల మల్ల నాకు యాదికే రాలె."

గ్లోరీ ఫోన్ తీసి చూసింది. ఆ సాయంత్రం ఆరూ నలభైకి ఒకసారి, ఆరూ నలభై రెండుకు ఒకసారి, పేరు లేని నంబరు. మొదటిది మోగి ఆగిపోయింది. రెండోది ఆమే కట్ చేసింది.