ముందటి మిషన్‌ల లేని బండ

నేను పరేషాన్ కాకుండ ఒక్క పూట గడిపింది లేదు. పొయ్యి ఆర్పిన్నో లేదో అని బస్టాండు కాడికి పోయినంక గూడ ఇంటికి వాపస్ వచ్చి చూసే మనిషిని. గసొంటి నేను, చూడాల్సిన ఒక్కదాన్ని చూడకుంట వదిలేసిన. అదెట్ల జరిగిందో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను.

గద్వాల దిక్కు కృష్ణ మీద కట్టిన డ్యాము నీళ్లు మా ఊరి దాక నిలుస్తయ్. ఆ నీళ్ల నడుమ ఒక గడ్డ, గడ్డ మీద పొలాలు. అక్కడ విత్తనాల కోసం సీడు పత్తి వేసినరంటే, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రాసే క్రాసింగ్ పని చెయ్యనీకి మా ఊరి ఆడోళ్లంత పొద్దుగాలనే లాంచి ఎక్కి పోవాలె. మా అమ్మ గూడ ఆ కూలికే పోతుండె. లాంచి నడిపేది మా నాయిన.

లాంచి సేటుది, ఆ నీళ్లల్ల చేపల కాంట్రాక్టు గూడ ఆయనదే. సెల్‌ఫోన్లు మా దిక్కు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సేటు యాడికెల్లో రెండు చేపల మిషన్లు పట్టుకొచ్చిండు. చిన్న టీవీల లెక్క ఉంటయ్. లాంచి అడుగున ఒక కన్ను బిగిస్తే, అది నీళ్లల్లకు చప్పుడు పంపి, కింద లోతెంతుంది, చేపలు యాడున్నయి అన్నది తెర మీద చూపిస్తది. ఒక మిషన్ వెనక, వలలు వేసేటోళ్ల కాడ. ఇంకోటి ముందట, నాయిన కాడ. కన్నుకున్న వైరు వెనకదానికే కలిపినం. వెనకదానికెల్లి ముందటిదానికి ఇంకో వైరు గుంజితే, అక్కడ పడ్డ లోతే ఇక్కడ గూడ పడ్తది. వనపర్తిల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినదాన్ని ఊర్ల నేనొక్కదాన్నే గాబట్టి, బిగించే పని నాకు చెప్పిండు సేటు.

నాకు మాత్రం చేపలతోని పని లేదు. నాయినకు దూరం చూపు తగ్గుతుండె, నా ఆరాటమంత దాని గురించే. నీళ్ల కింద మునిగిన పాత ఊర్ల గోడలు, బండలు యాడున్నయో ఆయన అవతలి ఒడ్డు గుట్టల్ని చూసి గుర్తు పడ్తడు. ఈ గుట్ట ఆ గుట్ట చాటుకు పోయిందంటే కింద గోడ ఉన్నట్టు. ఆ గుట్టలే మసక మసక అయితే ఏం జేస్తడు? సేటుకు తెలిస్తే రేపే ఇంకో మనిషిని పెట్టుకుంటడు. దగ్గరిది మాత్రం ఆయనకు మంచిగనే కనిపిస్తది, అంకెలు చదవనీకి గూడ వస్తది. ఆ మిషన్‌ల ఒక బొత్తాం ఉంది. లాంచి ఏ జాగల ఉందో శాటిలైట్‌తోని మిషన్ కనిపెడ్తది గాబట్టి, అది నొక్కితే ఆ జాగల క్రాసు గుర్తు పడ్తది, మళ్ల ఎప్పుడు ఆ దిక్కు వచ్చినా తెర మీద కనిపిస్తది.

ఆ ఏడు వరద ఆలస్యమైంది. నీళ్లు దిగి బండల తలకాయలు బైటికి తేలి ఉండె. రెండు దినాలు నేను, నాయిన లాంచిల తిరిగినం. ఒక్కో బండ కాడికి, ఒక్కో గోడ కాడికి ఆయన మెల్లగ పోనిస్తుండె, నేను వెనక కూసొని బొత్తాం నొక్కుతుంటి. పదకొండు గుర్తులు పడ్డయ్.

"అన్నీ నా దాంట్లకు గూడ వచ్చినయా?" అని, బండల మీదికెల్లి కండ్లు తియ్యకుండనే, ముందటికెల్లి అడిగిండు నాయిన.

"వచ్చినయ్" అన్న. లేసి పోయి చూడలే. లోతు వస్తుంది గద, గుర్తులు ఎందుకు రావు అనుకున్న. డిప్లొమా పాసైనదాన్ని, నాకెవరు చెప్పాలె? "ఇంకమీద గుట్టలు చూడకు నాయినా. వట్టిగ పరేషానైతవ్. దీన్నే చూడు. క్రాసు లేని కాడికెల్లి నిమ్మళంగ పో" అని ఇంకో మాట గూడ అన్న.

ఆ వారమే మీది డ్యాముల గేట్లు ఎత్తినరు. ఒక్క రాత్రికే నీళ్లెక్కి బండలన్నీ మునిగినయ్. తెల్లారి ఆడోళ్లు ఎప్పటి లెక్కనే సద్ది డబ్బాలు పట్టుకొని లాంచి ఎక్కినరు. అమ్మ ముందట, నాయిన పక్కనే కూసుంది. గుర్తులతోని అసలు పని పడేది ఆ దినమే. నాకు సంతోషమే అనిపించింది, ఆ సంగతి దాచుకోను.

లాంచి పోయినంక ఒడ్డు మీద చాయ్ పెట్టుకునే పెద్దమ్మ కాడ కూసొని, మిషన్‌తోని వచ్చిన పుస్తకం తెరిచిన. ఇంగ్లీషు పుస్తకం. ఒక్కో ముక్క కూడుకుంట చదువుతున్న. ఒక పేజీల ఉంది: వైరుల పోయేది లోతు, లాంచి ఉన్న జాగ, గంతే. పెట్టుకున్న గుర్తులు ఏ మిషన్‌ల పెడితే దాంట్లనే ఉంటయ్. ఇంకోదాంట్లకు పోవాలంటే మెమరీ కార్డుల ఎక్కించి, ఆ కార్డు తీసి రెండోదాంట్ల పెట్టాలె.

నా కాడ కార్డే లేదు.

ఆ పేజీ మూడుసార్లు చదివిన. నేను తప్పు చదివి ఉంటే బాగుండు అని నాలుగోసారి చదివిన. లేసి నీళ్ల దిక్కు ఉరికిన. లాంచి అప్పటికే సగం దాటి, వరుసగ బండలున్న దిక్కు మళ్లుతుండె. చున్నీ తీసి ఊపిన. నాయినా అని గొంతు పోయేదాక ఒర్లిన. ఇంజను చప్పుడుల వాళ్లకేం వినవడ్తది? వెనక కూసున్న ఆడోళ్లు చూసి, వాళ్లు గూడ నాకు చెయ్యి ఊపినరు.

లాంచి గడ్డ మలుపు తిరిగి కనపడకుంట పోయింది. మిషన్ అడుగున ఉన్నదే చూపిస్తది గని ముందట ఉన్నది చూపియ్యది. అంకె తగ్గిందంటే అప్పటికే బండ మీదికి వచ్చినట్టు. అమ్మకు ఈత రాదు. ఆ ఆడోళ్లల్ల సగం మందికి రాదు. గడ్డ మీద దింపి ఖాళీ లాంచి వాపస్ రానీకి ముప్పావు గంట పడ్తది. ఆ ముప్పావు గంట నేను ఒడ్డు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగిన.

"ఏమైందే?" అని అడిగింది పెద్దమ్మ.

"ఏం లేదు" అన్న. చెప్తే నిజమైతదేమో అని భయం. పెద్దమ్మ ఇంకేం అడగకుండ చాయ్ పోసి పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది, నేను ముట్టలే.

ఇంజను చప్పుడు వచ్చింది. మలుపు కాడ లాంచి కనిపించింది. ఎప్పటి దారిల రాలే, మస్తు దూరం చుట్టు తిరిగి వచ్చింది. మోకాళ్ల లోతు నీళ్లల్లకు పోయి నిలబడ్డ. ఎప్పటి లెక్కనే నాయిన లాంచిని ఒడ్డుకానించి దిగిండు.

"అమ్మోళ్లు?"

"దింపిన. పనిల దిగినరు."

"నాయినా, నాది తప్పైంది. గుర్తులు నీ దాంట్లకు రాలే. వెనకదాంట్లనే ఉండిపోయినయ్."

తాడు కట్టుకుంటనే విన్నడు. "నాకు ఎర్కైంది" అన్నడు.

"ఎప్పుడు?"

"నడిమి బండ కాడ. నీళ్లు సుడి తిరుగుతుండె. చిన్నప్పటి సంది, డ్యాము లేనప్పటి సంది చూస్తున్న సుడే అది. తిప్పుదామని చెయ్యేసిన. తెర చూస్తే క్రాసు లేదు."

"మరి తిప్పినవా?"

"లే. సీదా దాని మీదికెల్లే పోయిన. అంకె తగ్గుకుంట తగ్గుకుంట మూడడుగుల కాడికి వచ్చి, మళ్ల పెరిగింది. వరద ఎక్కువుండె గాబట్టి సరిపోయింది."

నాకు కోపమొచ్చింది. తప్పు నాది పెట్టుకొని ఆయన మీద కోపం. "బండ ఉందని తెలిసి ఎట్ల పోతవ్ నాయినా? అమ్మ ఉండె, అంతమంది ఆడోళ్లుండిరి."

నాయిన తాడు ముడి గట్టిగ గుంజిండు. నా దిక్కు చూడకుండనే అన్నడు.

"నువ్వు క్రాసు లేని కాడికెల్లి పొమ్మంటివి గద బిడ్డా. ఆ సుడి, నా కండ్లు ఖరాబై కనవడ్తుందనుకున్న."